బురద కాళ్ళకు రెండు మార్కులు

ఐదుకి రెండు.

ఆ మాటను సుహాసిని ఇప్పటికి పదకొండుసార్లు విన్నది. దోహా దగ్గరి మెసయీద్‌లో ఓ కంపెనీ క్లినిక్‌లో ఆమె నర్సు. పొద్దున డ్యూటీ ఎక్కబోతూ వింది, సాయంత్రం బస్సులో అల్ తుమామాలోని అన్న ఫ్లాట్‌కు తిరిగొస్తూ వింది, వదిన వడ్డించిన అన్నం ముందు కూర్చుని కూడా వింది. మార్కులు పెరుగుతాయన్న ఆశతో కాదు, కోపం చల్లారిపోకుండా చూసుకోవడానికి.

ఆ రెండు మార్కులు వేసిన మహానుభావుడి పేరు రామాంజులు. కడప జిల్లా నుంచి వచ్చి అల్ హిలాల్‌లో ఒక ఇంటి కారు నడుపుతాడు. హౌస్ డ్రైవర్‌కు కారు నడిపేది రెండు గంటలైతే, ఎక్కడో ఒకచోట ఆపుకుని ఎదురుచూసేది ఎనిమిది గంటలు. ఆ ఇంటి పెద్దమ్మాయి కారెక్కితే రాక్, కంట్రీ తప్ప ఇంకోటి పెట్టదు. వినగా వినగా ఇతనికీ ఆ పిచ్చి అంటుకుంది. కొత్త ఆల్బమ్ ఏది వచ్చినా విని, కార్లోనే కూర్చుని తెలుగులో తీర్పు చెప్పి, "పార్కింగ్ పాటలు" అనే ఛానెల్‌లో పెడతాడు.

జనం వింటారు మరి. ఓ పెద్ద రాక్ బ్యాండు కొత్త ఆల్బమ్ గురించి, డ్రమ్స్ కొట్టేవాడికీ పాడేవాడికీ మాటల్లేవని, ఇద్దరూ అలిగి చెరో గదిలో కూర్చుని రికార్డు చేసినట్టుందని చెప్పి ఒకటిన్నర వేశాడు. ఎవరో ముసలాయన గిటారుతో పాడిన కంట్రీ పాటలకు మాత్రం నాలుగిచ్చాడు. ఆయన లారీ తోలినవాడే అయ్యుంటాడని, స్టీరింగు పట్టనివాడికి ఆ దిగులు తెలీదని వాదించాడు. ఇవన్నీ విని నవ్వినవాళ్ళలో సుహాసిని కూడా ఒకతె. అది తన వంతు రాకముందు సంగతి.

ఆమె ఆల్బమ్ పేరు "బురద కాళ్ళు". నిజామాబాద్ దగ్గర ఊళ్ళో ఉండే నాయనమ్మ ముత్తవ్వ నాట్లేస్తూ పాడిన పాటలు అయిదు. క్లినిక్ ల్యాబ్‌లో పనిచేసే తౌఫీక్ వాటికి గిటారు కట్టాడు. ఫోక్ రాక్ అన్నారు, విడుదల చేశారు, స్వీట్లు పంచారు. వారం తిరగకముందే రామాంజులు గొంతు సవరించుకున్నాడు.

"ఇవి నాట్లేసేటప్పుడు పాడే పాటలు. ఈ మూల పాడితే ఆ మూల మడిలో ఉండే ఆడోళ్ళకు వినపడల్ల. ఈమె పాడతాంటే పక్క సీట్లో వాళ్ళకు గూడా వినపడగూడదని పాడినట్టుండాది. పైగా గట్టుమీదోన్ని తిట్టే పాటలో మర్యాద పెట్టినారు. తిట్టేదానికి గారు యాలబ్బా? ఇంగొకటి. మూడో పాట కింద ఏదో పికప్ నాలుగు ఇండికేటర్లు కొట్టుకుంటాండాయి. ఐదుకి రెండు."

అంతటితో పోయుంటే సుహాసిని పదకొండుసార్లు విని ఊరుకునేది. కానీ మర్నాడే సాయిబాబు ఆమె అన్న తిరుమల్‌కు ఫోన్ చేశాడు. సాయిబాబు ఇక్కడి తెలుగు సంఘంలో కల్చరల్ సెక్రటరీ. వచ్చే నెల ప్రోగ్రాంలో "బురద కాళ్ళు"కు అరగంట ఇస్తానన్నది ఆయనే, పెద్ద పెద్ద గెస్టులు వస్తారు కాబట్టి పాటలో "గట్టుమీదున్నోడ" అన్న మాటను "గట్టుమీది దొరగారు"గా మార్పించిందీ ఆయనే. రెండు మార్కుల పాటల్ని స్టేజి ఎలా ఎక్కించమంటారని అడిగాడు. ఆ డ్రైవర్ చేత రివ్యూ తీయిస్తే సరి, లేదంటే ఆ అరగంట సినిమా డ్యాన్సులకు వెళ్తుంది.

ఆ అరగంట సుహాసినికి ప్రాణం. ఊళ్ళో ఇప్పుడు నాట్లకు బీహార్ కూలీలు వస్తున్నారు. ఆ పాటలన్నీ తెలిసిన మనిషి ఇక ముత్తవ్వ ఒక్కతే, ఆమెకు ఎనభై దాటాయి. "నీ పాటలను స్టేజి మీద పాడి చూపిస్త, ఊరంతా ఫోన్‌లల్ల చూస్తరు" అని మాటిచ్చింది మనవరాలు.

అందుకే రివ్యూ వీడియోలో వెనకాల కనిపించిన కరక్ చాయ్ దుకాణం బోర్డును పట్టుకుని, సెలవు రోజున అల్ హిలాల్‌కు బయల్దేరింది. ఏడాదికి నాలుగు రోజులు కురిసే దోహా వాన, సరిగ్గా ఆ రోజునే ఎంచుకుంది. రోడ్డు పక్కన నీళ్ళు నిలిచాయి. చెప్పులు చేతిలో పట్టుకుని, నిజంగానే బురద కాళ్ళతో, ఆమె ఆ తెల్ల కారు అద్దం మీద కొట్టింది.

అద్దం దిగింది. మీసాలు మెలేసిన పెద్దమనిషిని ఊహించుకుని వచ్చిందామె. ముప్పై కూడా నిండని బక్కపలచటి మనిషి, చెవి దగ్గర చెయ్యి పెట్టి ఏదో వింటూ ఆమెవైపు చూశాడు. చూసే కళ్ళు బాగానే ఉన్నాయి. అది గమనించినందుకు సుహాసినికి తనమీద తనకే కోపం వచ్చింది.

"రామాంజులన్న అంటే మీరేనా?"

"అవును మేడమ్."

"నేను రెండు మార్కుల మేడమ్‌ని."

అతను కంగారు పడలేదు. గొడుగు తీసుకుని దిగి, ఆమె చేతికిచ్చి, ముందు చాయ్ తాగమన్నాడు. డ్యూటీలో అందరినీ మేడమ్ అనే అలవాటు కాబోలు, మాటకోసారి మేడమ్ అన్నాడు. రివ్యూ తీయమని ఆమె అడిగింది. అరగంట సంగతీ ముత్తవ్వ సంగతీ చెప్పింది. అతను అన్నీ శ్రద్ధగా విని, తీయనన్నాడు. అబద్ధం చెప్పి అయిదు వేస్తే, రేపు బాగున్నప్పుడు వేసే అయిదును ఎవరు నమ్ముతారని అడిగాడు.

సుహాసినికి ఒళ్ళు మండింది. "గట్టు మీద నిలవడి మార్కులేసుడు అల్కనే ఉంటది. మడిల దిగి ఒక్క పాట పాడి చూడుండ్రి, తెలుస్తది."

"నాకు పాడేది రాదు మేడమ్. వినేదొచ్చు."

కారు తలుపు తెరిచి నాలుగు ఇండికేటర్లు వేశాడు. ఫోన్లో మూడో పాట పెట్టాడు. టిక్కు, టిక్కు. పాట తాళమూ కారు టిక్కూ కాస్త అటూ ఇటూగా పక్కపక్కనే నడిచాయి. సుహాసిని చెవులు వేడెక్కాయి. ఎంతోమంది విన్నారు, ఒక్కరూ కనిపెట్టలేదు.

అప్పుడిక చెప్పక తప్పలేదు. ఫ్లాట్‌లో పాడితే గోడ అవతలివాళ్ళు తలుపు కొడతారు. స్టూడియోకు వెళ్ళే స్తోమత లేదు. అన్న కంపెనీ పికప్‌ను బిల్డింగ్ కింద పార్కింగ్‌లో ఆపి, అద్దాలెత్తి, ఫోన్లో రికార్డు చేసింది. ఫోన్ రికార్డింగ్‌కే సరిపోయింది కాబట్టి తాళానికి ఇండికేటర్లు పెట్టుకుంది. వాచ్‌మన్ తిరుగుతుంటాడని గొంతు తగ్గించింది.

"నాలుగో పాట ఆఖర్లో వాన అనే మాట ఒకటి వస్తాది," అన్నాడు రామాంజులు. "ఆడ ఒక్కచోట మరిచిపోయి గట్టిగా పాడినారు. ఆ మాట కోసం ఆల్బమ్ అంతా నాలుగుసార్లు విన్నా. ఆ రెండు మార్కులూ దానికే."

సుహాసినికి గుర్తొచ్చింది. అప్పుడు వాచ్‌మన్ నమాజుకు వెళ్ళాడు.

ఆమె చాయ్ తాగేసి వెళ్ళిపోయింది. బస్సెక్కాక గానీ చూసుకోలేదు, అతని గొడుగు చేతిలోనే ఉంది.

రెండు రోజుల తర్వాత తిరుమల్ ఇంకో కబురు తెచ్చాడు. సాయిబాబు నేరుగా రామాంజులుకే ఫోన్ చేసి, రివ్యూ తీయకపోతే అతను పనిచేసే ఇంటివాళ్ళకు చెబుతానని, డ్యూటీ కార్లో కూర్చుని వీడియోలు తీస్తున్నాడంటే ఉద్యోగం ఉండదని బెదిరించాడట. ఆ సాయంత్రమే "పార్కింగ్ పాటలు"లో కొత్త వీడియో వచ్చింది. ఎవరి పేరూ ఎత్తలేదు, బెదిరింపు ఊసూ లేదు. "రెండంటే రెండే. నా పని పోయినా అది మూడు కాదు," అని మాత్రం చెప్పి, ఏదో కంట్రీ ఆల్బమ్ సంగతిలోకి వెళ్ళిపోయాడు.

సుహాసినికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే ముత్తవ్వకు ఫోన్ చేసింది. ఎవరో ఎట్టకేలకు ఆమెకు ఆల్బమ్ వినిపించారు.

"పాటలు మంచిగనే ఉన్నయి బిడ్డ," అంది ముత్తవ్వ. "గని పాడినామె ఎవలు?"

నాయనమ్మ వెక్కిరించలేదు, నిజంగానే అడిగింది. మనవరాలి గొంతును ఆమె ఆనవాలు పట్టలేకపోయింది. సుహాసిని ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుని, సాయిబాబుకు చేసింది. మామూలుగా ఆయనతో మాట్లాడాలంటే నాలుగుసార్లు ఆలోచించే పిల్ల, ఆ రోజు ఆలోచించలేదు.

"మీ స్టేజి మీరే ఉంచుకోండ్రి. రామాంజులు పనిచేసే ఇంటికి ఫోన్ చేసిండ్రంటే, నేను మీ కమిటీల ప్రతి ఒక్కలకు ఫోన్ చేస్త. నాకు రెండు మార్కులొచ్చినయి. అవి నావి. ఎవ్వల్ని తీయనియ్య."

తిరుమల్ అరగంట తిట్టాడు. పెద్దవాళ్ళతో పెట్టుకుంటే పరాయి దేశంలో ఎవరు దిక్కని అడిగాడు. తిట్టడం అయిపోయాక, పాటలు మళ్ళీ రికార్డు చేస్తావా, శుక్రవారానికి పికప్ కావాలా అని కూడా అడిగాడు.

రామాంజులుకు ఆమె ఒకే మెసేజ్ పెట్టింది: గొడుగు కావాలంటే శుక్రవారం పొద్దున మెసయీద్ రండి, ఫోన్లో చార్జింగ్ ఉంచుకోండి.

అతను ఇంట్లో పూటకు సెలవడిగి వచ్చాడు. కంపెనీ క్వార్టర్స్ వెనక మైదానంలో క్రికెట్ నడుస్తోంది. ఆడేవాళ్ళలో సగంమంది నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్ళే, క్లినిక్‌లో సుహాసిని చేతి సూది పొడిపించుకున్నవాళ్ళే. తౌఫీక్ ఇసుకలో స్టూలు వేసుకుని గిటారు సవరిస్తున్నాడు. తిరుమల్ చేతి ఫోన్లో వీడియో కాల్, అందులో ముత్తవ్వ. రికార్డింగ్ పని రామాంజులుకు అప్పగించింది సుహాసిని. దూరంగా ఫ్యాక్టరీ గొట్టాలు, మధ్యలో గాలి. గోడ ఒక్కటీ లేదు.

ఆమె ఊపిరి నిండా తీసుకుంది.

"గట్టుమీదున్నోడ గట్టు దిగిరా,
మాటుంటె మడిలకొచ్చి చెప్పురా."

బౌలింగ్ చేయబోతున్న లింబాద్రి ఆగిపోయాడు. ఆ గొంతు పిచ్ దాటి, అవతలి కంచె దాకా పోయింది. క్రేన్ హెల్పర్లు, వెల్డర్లు, అందరూ ఇటు తిరిగారు.

నాటు పాటకు ఒక పద్ధతుంది. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. అందుకోకపోతే పాట ముందుకు పోదు. ఆల్బమ్‌లో రెండు పక్కలా సుహాసినే పాడుకుంది. ఇప్పుడు ఆమె ఆగింది. ఎవరూ అందుకోలేదు. అంతమంది మగవాళ్ళు, ఆడవాళ్ళ పాట, సిగ్గుపడ్డారు.

సుహాసిని రామాంజులు వైపు తిరిగి సూటిగా చూసింది.

"గట్టు దిగుతవా, లేదా?"

అతని మొహం ఎర్రబడింది. ఛానెల్, పేరు, పరువు అన్నీ ఒకసారి తలుచుకున్నట్టున్నాడు. ఆ తర్వాత ఫోన్ దించకుండానే, కళ్ళు మూసుకుని అందుకున్నాడు. శ్రుతి లేదు, గొంతు రెండుచోట్ల విరిగింది. అయినా వదలకుండా చివరిదాకా పాడాడు. అది విన్న లింబాద్రికి, ఇంతకన్నా తన అమ్మ పాట తనకు బాగా వచ్చునని తోచినట్టుంది, బంతి పారేసి గొంతు కలిపాడు. అతని వెనక నలుగురు, వాళ్ళ వెనక మైదానమంతా. రెండో చరణాన్ని సుహాసిని ఇంకా గట్టిగా ఎత్తుకుంది. ఏ అరగంటా, ఏ స్టేజీ ఆమెకు గుర్తు రాలేదు.

పాట అయ్యాక ముందు మాట్లాడింది, గల్ఫ్ అంతటినీ దుబాయ్ అనే ముత్తవ్వే. "గిప్పుడు నువ్వు పాడినవ్ బిడ్డ. గని నడుమ ఆ బర్రె గొంతు ఎవలిదే? దుబాయ్‌ల మంది గిట్లనే పాడుతరా?"

మైదానమంతా నవ్వింది. రామాంజులు తల గోక్కుంటూ దగ్గరకొచ్చాడు. గొడుగు అందుకున్నాడు గానీ వెళ్ళలేదు.

"నాకెన్ని మార్కులు మేడమ్?"

"ఐదుకి ఒకటి."

"ఒకటేనా. అది దేనికి?"

"దిగొచ్చినందుకు."

"మిగతా నాలుగు ఎట్ల తెచ్చుకునేది?"

"ముందుగాల మేడమ్ అనుడు బంద్ చెయ్యి."

అతను తలూపాడు. "సరే. మరి మీరు నన్ను అన్నా అనేది?"

"ఆ వాన దినం ఒక్కపారి పిలిచిన. చాయ్ తాగినంక మల్ల అన్లేదు." సుహాసిని నవ్వు ఆపుకోలేదు, చూపూ తిప్పుకోలేదు. "వినేదొచ్చంటివి గదా. వినలేదా?"

మూడో పాట కింద ఇండికేటర్‌ను పట్టుకున్న చెవులవి. దీన్ని మాత్రం పట్టుకోలేకపోయాయి. రామాంజులు వాన లేకపోయినా గొడుగు విప్పుకున్నాడు.

తిరుమల్ ఆ ఫోన్ ఇంకా కట్ చేయలేదు.

"నాకైతె ఇనవడ్డది తియ్యి," అంది ముత్తవ్వ.