గాజుపెట్టెలో జోలపాట

హైటెక్ సిటీ దారిలో రోజుకో అద్దాల మేడ లేస్తున్న రోజులవి. రవిచంద్ర ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ థియేటర్ సౌండు ఇంజనీరు. ఆయన భార్య లాస్యది అలాంటి ఓ మేడలోనే కంప్యూటరు ఉద్యోగం. ముచ్చటైన సంసారం. ఏ దిష్టి తగిలిందో, ఏడో నెలలోనే లాస్యకు ఫిట్స్ వచ్చి, ఆపరేషన్ చేసి పాపను తీసేశారు. పాపంటే ఎంతనుకున్నారు? అరచేతిలో పట్టే పిచ్చుకపిల్ల! దాన్ని జూబ్లీహిల్స్ ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. తల్లేమో పై అంతస్తులో, గొంతులో గొట్టంతో, తెలివి లేకుండా పడి ఉంది.

నెలలు నిండని పిల్లలతో ఓ చిక్కుంది. ఊపిరి పీల్చడం మర్చిపోతారు! నిజమండీ. మిషను కుయ్యిమంటుంది, నర్సు పరుగున వచ్చి అరికాలు వేలితో తడుతుంది, అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ పీలుస్తారు.

"ఎంతసేపని తట్టాలె సార్?" అంది నర్సు మనోజ. "వాళ్ళమ్మ గొంతు వింటే పిల్లకు మంచిగైతది. మేడం మాట్లాడిన టేపు గిట్ల ఉంటే తీస్కరాండ్రి. జర మెల్లగ పెడదాం."

లోకంలో అందరి గొంతులూ టేపులో పట్టే మనిషి, పెళ్ళాం గొంతు మాత్రం ఒక్కసారీ పట్టలేదు చూడండి! థియేటర్ బీరువాలన్నీ తిరగేస్తే లీలాకుమారి పాడిన జోలపాట దొరికింది. హీరోయిన్లకి గొంతిచ్చే మనిషి. అచ్చం లాస్య గొంతే. ఫోనులో వింటే రవిచంద్రే పొరబడేవాడు.

"అది మాత్రం వద్దురా," అన్నాడు థియేటర్ పెద్దాయన చలపతిరావు. "పాపం, పురిట్లో పోయింది. బిడ్డా దక్కలేదు."

"గొంతుకి చావేంటి బాబాయ్? పోయినవాళ్ళ గొంతులు మనం రోజూ వింటూనే ఉన్నాం కదా."

"వినేది మనం. అక్కడ వినేది పసిగుడ్డు."

రవిచంద్ర లెక్కచెయ్యలేదు. అది పాప తల్లి గొంతేనని మనోజతో చెప్పి పెట్టించాడు.

అదేం చిత్రమో, పాప పుంజుకుంది! పాలు అరిగాయి, బుగ్గలు నిండాయి. టేపు మోగుతున్నంతసేపూ మిషను కుయ్యిమంటే ఒట్టు.

"మేడం గొంతుల మహిమున్నది సార్!" అని మనోజ ఒకటే మురిసిపోయింది.

అంతలో లాస్యకు తెలివొచ్చింది, గొట్టం తీశారు. ఓ ముసురు మధ్యాహ్నం చక్రాల కుర్చీలో కిందికి తెచ్చారు. బయట జోరున వాన. లోపల స్పిరిటు వాసన, పాల వాసన, మిషన్ల సన్నటి చప్పుడు. బిడ్డను తీసి తల్లి రొమ్ముమీద బోర్లా పడుకోబెట్టారు. ఒంటికి ఒళ్ళు తగిలితే పిల్లలు త్వరగా పెరుగుతారట.

"నా బంగారూ..." అంది లాస్య. గొట్టం ఒరిసిన గొంతు, బొంగురుగా వచ్చింది.

పాప బిగుసుకుపోయింది.

మిషను కుయ్యిమంది. మనోజ అరికాలు తట్టింది. మళ్ళీ తట్టింది. పెదాలు నీలం తిరుగుతున్నాయి...

"సార్, టేపు పెట్టుండ్రి! జల్ది!"

"ఏం టేపు?" లాస్య గుసగుసలాడింది. "ఎవరిది?"

రవిచంద్ర వేలు మీట మీదే ఆగిపోయింది. నొక్కితే బిడ్డ ఎవరిదైపోతుందో అప్పుడు తెలిసింది. నొక్కకపోతే... అసలు బిడ్డే ఉండదు.

నొక్కబోయాడు.

నొక్కకముందే జోలపాట మొదలైంది.

పాడుతున్నది లాస్యే. బొంగురు లేదు. తేనెలా ఉంది. ఎక్కడినుంచో సాంబ్రాణి వాసన... బాలింత తలకి వేసే పొగ. అగ్గిపుల్ల కూడా గియ్యనివ్వని ఆ గదిలో.

పాపకు ఊపిరి అందింది. ఒళ్ళు ఎర్రబడింది.

"ఓయమ్మా, మేడం గొంతు మంచిగైంది!" మనోజ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

రవిచంద్ర కూడా నవ్వబోయాడు. కానీ పొద్దస్తమానం తెరమీద పెదాలు చూసే కళ్ళాయె, వద్దన్నా అక్కడికే పోయాయి. లాస్య పెదాలు పాటకి అందడం లేదు. ఓ పిసరు వెనక... ఇంకో పిసరు...

"లాస్యా..."

ఆమె గుడ్లప్పగించి భర్తకేసి చూసింది. పెదాలు గట్టిగా మూసుకుంది.

జోలపాట ఆగలేదు.

పాప హాయిగా ఊపిరి పీలుస్తూ, మెల్లగా కళ్ళు విప్పింది. తల్లి మొహంకేసి కాదు... ఆమె భుజం వెనక్కి, కాస్త పైకి.