మూడో పిలుపు

బెంగాల్లో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న మా చందన్‌నగర్‌లో వైశాఖమాసం మధ్యాహ్నమంటే ఊరు ఊరంతా కళ్ళు మూసుకుని పడుకోవడమే. వీధికుక్కలు కూడా తగాదాలు సాయంత్రానికి వాయిదా వేసుకుంటాయి. మా జేఠిమా ఇంట్లో అయితే ఆకుపచ్చ చెక్కరెక్కల కిటికీలన్నీ బిగించేస్తారు. పట్టపగలే గది చీకటి. ఆ చీకట్లో కర్పూరం, తడిపిన చాప, రెక్కల సందుల్లోంచి వచ్చే హుగ్లీ బురదవాసన.

జేఠిమా అంటే మా పెదనాన్న భార్య. పెదనాన్నని మేం జేఠు అంటాం. ఆయన పోయారు. గొంతు మాత్రం ఉంది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేస్తారని తెలిశాక, ఆయన ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని తన మాటలు రికార్డు చేసిపెట్టుకున్నారు. గొప్ప ఉపన్యాసాలేం కాదు. ఇలిశ చేప బేరం, ఓడిపోయిన ఫుట్‌బాల్ జట్టుకి శాపనార్థాలు, పక్కింటి పిల్లి మీద అభియోగపత్రం. చెప్పడం అయిపోయాక రికార్డింగు ఆపడం రానట్టు నటించి, లోపలున్న జేఠిమాని పేరు పెట్టి కేకేసేవారు.

"పుతుల్... పుతుల్... పుతుల్."

మూడుసార్లు. అప్పుడు శంఖుగాజుల చప్పుడు, "వస్తున్నా, వస్తున్నా" అంటూ జేఠిమా గొంతు, టక్‌మని రికార్డింగు ఆపిన చప్పుడు. ప్రతి రికార్డూ అలాగే ముగుస్తుంది.

మూడుసార్లు ఎందుకంటే నిశి భయం. మావైపు నిశి అని ఒకటుంది. తెలిసినవాళ్ళ గొంతుతో తలుపు బయట నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది. పలికామా, దాని వెంట నడిచిపోతాం. ఎటు పోయామో నదికే తెలియాలి. పాపం, దానికి చదువు తక్కువ, రెండుసార్లకి మించి పిలవలేదు. అందుకే మా ఇళ్ళల్లో మూడో పిలుపు దాకా ఎవరూ పలకరు. మూడోది వచ్చిందంటే బయట ఉన్నది మనిషే.

జేఠిమా రోజూ భోంచేసి మంచమ్మీద కూర్చుని ఒక రికార్డు పెట్టుకుంటుంది. చివర్లో, రికార్డులో తను పలికినప్పుడే, ఇక్కడ కూడా "వస్తున్నా" అంటుంది.

"నీ డైలాగు వచ్చేస్తోంది జేఠిమా, గొంతు సవరించుకో" అని నేను ఆటపట్టించేదాన్ని.

"పోవే కోతిమొహమా" అనేది, నవ్వుతూనే.

ఆ రోజు ఫోన్ చేసినప్పుడు నవ్వలేదు. "టుస్కీ, మీ జేఠు పలకడం లేదు. ఒకసారి రా."

కాలేజీలో కంప్యూటర్లు చదువుతున్నానన్న పాపానికి మా వాడలో అందరి ప్రింటర్లూ నేనే బాగుచెయ్యాలి. ఇదీ అలాంటిదే అనుకుని మరమరాల పొట్లం చేత్తో పట్టుకుని వెళ్ళాను. దారిలోనే పడమటి ఆకాశం నల్లబడింది. గాలివాన వచ్చేలా ఉంది. ఆకు కదలడం లేదు.

గదిలో కంప్యూటరు ఆయాసపడుతున్న ముసలాడిలా గుర్రుమంటోంది. తెర మీద బొమ్మలన్నీ తెల్లకాగితాల్లా అయిపోయాయి. పేర్లు అవే... 'ఇలిశ బేరం', 'పిల్లి'... కానీ ప్రతి పేరు వెనకా అర్థంలేని అక్షరాల తోక ఒకటి మొలిచింది. నేను చూస్తుండగానే ఇంకో పేరుకి మొలిచింది. తర్వాత ఇంకోదానికి.

అప్పుడు తెర మొత్తం ఎర్రబడింది. మీ ఫైళ్ళకి తాళం వేశాం, డబ్బు పంపితే తాళంచెవి ఇస్తాం, ఆలస్యమైతే అదీ ఉండదు. కింద ఒక గడియారం వెనక్కి నడుస్తోంది.

నా నోట్లో మరమరాలు నమలడం మర్చిపోయాను. వంగి ఇంటర్నెట్ తీగ పీకేశాను.

"జేఠిమా, ఏం తెరిచావు?"

"ఫోటో స్టూడియో వాళ్ళట. మీ పెళ్ళినాటి ఫోటోలు దొరికాయి, చూసుకోండి అని మెయిలు పంపారు. నేనేం పిచ్చిదాన్నా, మొదటిసారి తెరవలేదు. రెండోసారీ తెరవలేదు." కాస్త గర్వంగానే చెప్పింది. "మూడోసారి కూడా వచ్చాకే తెరిచాను."

వేరే రోజైతే ఆ మాటకి వారంపాటు ఏడిపించేదాన్ని.

"ఫైళ్ళని బందీ పట్టే వైరస్ ఇది. మనల్ని బెదిరించి డబ్బు గుంజుతారు."

"ఇచ్చేద్దాం. నా గొలుసుంది."

"ఇచ్చినా తాళంచెవి వస్తుందని లేదు. పైగా ఈ ఇంట్లో భయపడే మనిషుందని తెలిస్తే మళ్ళీ వస్తారు."

"నేను భయపడేదాన్నే కదే" అంది జేఠిమా. "ఆయన ఫోటోలు పోతే పోనీ. గొంతు పోతే నాకింక ఏముంది?"

తెరకి ఫోన్‌తో ఫోటో తీసి కాలేజీలో మా సీనియర్ ఋభు దాకి పంపాను. దా అంటే అన్న. కాసేపటికి ఫోన్ చేశాడు. వెతికి చూశాడట. కొన్ని రకాలకి తాళం విప్పే ఉపాయాలు ఉచితంగానే దొరుకుతాయి గానీ, ఈ తోక ఉన్నదానికి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

"వేరే కాపీ ఉందా?" అన్నాడు.

నేను అడిగేలోపే జేఠిమా అలమరలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది. ఎండు వేపాకుల మధ్య జేఠు దాచిన డిస్కు. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆత్రంగా దాని తీగని కంప్యూటరుకి గుచ్చబోయింది. చెయ్యి పట్టేసుకున్నాను.

"మశూచి ఉన్న ఇంట్లోకి పసిబిడ్డని ఎత్తుకొస్తావా? దానికీ అంటుకుంటుంది. ముందు ఇది శుభ్రం కావాలి."

డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నిజంగా పసిబిడ్డనే పెట్టుకున్నట్టు.

గాలివాన ఒక్కసారిగా పడింది. చెక్కరెక్కలన్నీ దడదడలాడాయి. కరెంటు పోయింది. ఎర్ర తెర ఆరిపోయింది. గుర్రుమనే చప్పుడు ఆగింది. స్పీకర్ల మీది చిన్న దీపం కూడా కొండెక్కింది. చిమ్మచీకటి. తడిమట్టి వాసన. దాని వెనకే... ఆసుపత్రి వాసన.

"టుస్కీ" జేఠిమా గుసగుసగా అంది. "నీకూ వస్తోందా?"

నేను ముక్కు మూసుకున్నాను.

స్పీకర్లలో చిన్న గరగర. కరెంటు లేదు. నాకు తెలుసు... లేదు.

"పుతుల్..."

జేఠు గొంతు. కొంచెం బొంగురుగా, కొంచెం ముద్దుగా. తాళం పడ్డ గొంతు.

జేఠిమా నోరు తెరిచింది. నేను అరచేత్తో మూసేశాను.

"పుతుల్..."

ఎదురుచూశాం. వాన. రెక్కల చప్పుడు. ఇద్దరి గుండెలు. ఇంకొకటి రావాలి... ఇంకొక్కటి...

రాలేదు.

నా చెయ్యి తీసి జేఠిమా అంది, "రెండే."

మర్నాడు చెబితే ఋభు దా పగలబడి నవ్వాడు. స్పీకర్లలో మిగిలిన కరెంటు అన్నాడు, చెవుల భ్రమ అన్నాడు, పెళ్ళి చేస్తే కుదురుతుందన్నాడు. నేనూ నవ్వాను, పగలు కాబట్టి. అతను ఫోన్‌లో చెబుతుంటే కంప్యూటరు డిస్కు మొత్తం తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించాను. అయినా దాని మీద నమ్మకం కుదరక, డబ్బాలో డిస్కుని మా ఇంట్లో నా ల్యాప్‌టాప్‌కి పెట్టి ఇంకో కాపీ తీశాను. ఒకటి మా ఇంట్లో, ఒకటి వేపాకుల్లో. రెండూ వినేటప్పుడు తప్ప ఏ తీగకీ తగిలించకుండా ఉండాలని జేఠిమా చేత ఒట్టు వేయించుకున్నాను.

"ఇంకో నియమం" అన్నాను. "మెయిలు మూడుసార్లు వచ్చినా తెరవకూడదు. పంపినవాళ్ళకి ఫోన్ చేసి, మీరేనా అని అడగాలి. ఈ కాలం నిశికి లెక్కలు వచ్చేశాయి."

"దానికి నువ్వే ట్యూషన్ చెప్పుంటావు" అంది. నాకు ఆ ఫోన్ చేశాక ఇదే మొదటిసారి నవ్వడం.

మధ్యాహ్నం భోజనమయ్యాక కిటికీలు బిగించుకుని ఇద్దరం మంచమ్మీద కూర్చున్నాం. నది వైపు తలుపుకి లోపలి గడియ నేనే వేశాను. పాతకాలపు ఇనుప గడియ, రెండు చేతులతో నెడితే గానీ కదలదు. జేఠిమా చేతిలో కాల్చిన మామిడికాయ షర్బత్ గ్లాసు. ఇంటర్నెట్ ఆపిన నా ల్యాప్‌టాప్‌కి వేపాకుల్లోని డిస్కు తగిలించి 'ఇలిశ బేరం' పెట్టాను.

జేఠు మాట్లాడారు. చేపలవాడిని దొంగ అన్నారు, తర్వాత బంగారుకొండ అన్నారు. జేఠిమా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. చివరికొచ్చింది.

"పుతుల్... పుతుల్..."

తర్వాత ఏమీ లేదు. గాజుల చప్పుడు లేదు. టక్ లేదు. ఫైలు నడుస్తూనే ఉంది, నిశ్శబ్దంగా.

'పిల్లి' పెట్టాను. రెండే. 'ఫుట్‌బాల్' పెట్టాను. చివరికి లాగాను. రెండే. ఇంకోటి... ఇంకోటి... ఈ కాపీ ఇన్నాళ్ళూ వేపాకుల మధ్య డబ్బాలో పడుకుని ఉంది. ఆ కంప్యూటరు దీన్ని తాకలేదు. ఏ ఇంటర్నెట్టూ దీన్ని చూడలేదు. అయినా ప్రతిదాంట్లోంచీ మూడో పిలుపునీ, దాని వెనకొచ్చే జవాబునీ ఎవరో తీసుకుపోయారు.

"ఆపెయ్యనా?" అన్నాను.

"ఒక్కసారి" అంది జేఠిమా. "మొదటిది. ఒక్కసారి."

పెట్టాను. దొంగ. బంగారుకొండ. నవ్వు. తర్వాత...

"పుతుల్... పుతుల్..."

నిశ్శబ్దం.

అప్పుడు నది వైపు తలుపు అవతల నుంచి, కొంచెం బొంగురుగా, కొంచెం ముద్దుగా...

"పుతుల్."

నా చెయ్యి ఆమె నోటి దాకా వెళ్ళేసరికే ఆలస్యమైంది. ఇన్నేళ్ళ అలవాటు.

"వస్తున్నా, వస్తున్నా" అంది జేఠిమా.

ఇద్దరం మంచమ్మీదే ఉన్నాం. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకునే ఉన్నాం. తలుపు దగ్గర ఇనుప గడియ మెల్లగా, చాలా మెల్లగా పక్కకి జరుగుతున్న చప్పుడు వినిపించింది.

గడియ ఉన్నది లోపలి వైపు.