గడియ తీయని షెడ్డు

కరూ ఎడారిలో వాన చినుకు పడి పద్నాలుగు నెలలైంది. ఆ మధ్యాహ్నం కత్రీనా బ్యూకెస్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కొండ దిగువన యాంటెన్నాలు పట్టే సొద వింటోంది. విశ్వం పుట్టిన కొత్తల్లో బయల్దేరిన వెలుగు, పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్లు నడిచి నడిచి, చివరికి ఆ సన్నటి సొదగా మిగిలింది.

"ఆకాశం గోల ఎక్కడికీ పోదులే అమ్మాయ్. రొట్టె చల్లారిపోతోంది" అన్నాడు వంటవాడు ఫ్లోరిస్.

"ఏదైనా చల్లారాల్సిందేగా బాబాయ్."

అది ఆమె భర్త ఖెర్ట్ మాట. మొదట్లో అంతా ఒద్దికగా ఒక్కచోటే ఉండేదట. అప్పట్నుంచీ చెదరడం, చల్లారడమే. మాటలు అతనివి, లెక్కలు ఆమెవి. పదకొండేళ్ల ఆ లెక్కల్ని ఖెర్ట్ తన పేరుతో ఓ పత్రికలో వ్యాసంగా అచ్చేయించుకుని, "మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏంటే?" అని నవ్వాడు. ఆ చలికాలమే పరికరాల షెడ్డు అంటుకుంది. లోపల ఖెర్ట్. గాలికి తలుపు పడి, బయట గడియ బిగుసుకుంది. దాని మీద ఆమె చెయ్యి.

తీయలేదు. ఎవరూ చూడలేదు.

మూడింటికి దుమ్ముగాలి లేచింది. కిటికీలు ఎర్రబడి, ఆనక నల్లబడ్డాయి. కాలుతున్న చెక్క వాసన... కత్రీనా బయటికొచ్చింది.

షెడ్డున్న చోట రెండేళ్లుగా మసి తప్ప ఏమీ లేదు. ఆ మసి కదులుతోంది. గాలికి ఎదురు నడుస్తోంది. ఎక్కడిదో పొగ పైనుంచి నేలకు దిగుతోంది. బొగ్గు చెక్కైంది. చెక్క గోడైంది. తలుపైంది...

"కత్రీనా..." లోపల్నుంచి గుసగుస. "తియ్యవే... నీ పేరే వేయిస్తాను..."

గడియ మంచులా ఉంది.

"అప్పుడూ ఇదే అన్నావు" అంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

దుమ్ము అణిగేసరికి షెడ్డు లేదు. మసీ లేదు. ఫ్లోరిస్ బయటికొచ్చాడు.

"బాబాయ్, ఇక్కడి మసేమైంది?"

"మసేంటి? ఇక్కడెప్పుడేముంది?"

"ఖెర్ట్ కాలిపోయిన షెడ్డు!"

"ఖెర్టెవరమ్మా?"

ఆమె పరుగున వెళ్లి ఆ పత్రిక తెరిచింది. వ్యాసం మీద ఒక్కటే పేరు. తనది. రెండేళ్లుగా కోరుకున్నదే. నోరంతా చేదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అదే సొద. దాని అడుగున, ఎంతో దూరాన... చెక్క మీద వేళ్లు.

టక్. టక్. టక్.

యాంటెన్నాలను దక్షిణానికి తిప్పింది. ఉత్తరానికి తిప్పింది. ఆకాశం ఏ మూల వెతికినా అదే చప్పుడు...