అడ్రసు దగ్గరే ఆగిపోయాడు

"జీతం ఆగిపోయింది, వెంటనే ఇక్కడ నొక్కండి" అని మెయిల్ వస్తే నొక్కనివాడెవడు? స్పేర్ పార్టుల గోడౌన్‌లో పనిచేసే అతనూ నొక్కాడు. మోసం మెయిళ్లను ఎవరు గుర్తుపడతారో చూద్దామని ఆఫీసే పంపిన పరీక్ష అది. పంపింది పై అంతస్తులో కంప్యూటర్ల భద్రత చూసే అమ్మాయి. మర్నాడు నొక్కినవాళ్లందర్నీ కూర్చోబెట్టి క్లాసు పీకింది.

అతనికి ఒళ్లు మండింది.

"పరీక్ష అని ముందే చెప్పొచ్చు కదండీ."

"మీ ఇంటికొచ్చే దొంగ ముందే చెప్పి వస్తాడాండీ?"

గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి గోడౌన్‌లో అతని పేరు క్లిక్కు బాబు.

పౌరుషానికి పోయి నేర్చుకున్నాడు. పంపినవాళ్ల పేరు కాదు, పేరు వెనకున్న అడ్రసు చూడాలి. తొందరపెడితే అనుమానించాలి, ఎవరికీ చెప్పొద్దంటే మరీ అనుమానించాలి. అనుమానమొస్తే మెయిల్ పైనున్న ఎర్ర బటన్ నొక్కాలి. నొక్కితే అది నేరుగా ఆమె సెక్షన్‌కి పోతుంది.

ఆమె మాత్రం ఊరుకుందా? అతనికోసమని కొత్త కొత్త పరీక్షలు తయారుచేసేది. లాటరీ తగిలిందని ఒకటి, పార్సిల్ ఆగిపోయిందని ఒకటి. ఓసారైతే "మిమ్మల్ని ఇష్టపడే అమ్మాయి ఎవరో తెలుసుకోండి" అని వచ్చింది. అతను అన్నీ పట్టేసి, పైకెళ్లి ఆమె బల్ల ముందు కాలరెగరేసేవాడు.

"ఇష్టపడే అమ్మాయి" మెయిల్ ఎలా పట్టారని అడిగింది ఆమె, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

"నన్నిష్టపడే అమ్మాయి ఉందనగానే మోసమని తెలిసిపోయిందండీ."

ఆమె నవ్వలేదు. కళ్లెత్తి చూసింది. ఆ చూపుకి అర్థం అడిగే ధైర్యం అతనికి లేదు. తనంతట తాను చెప్పే అలవాటు ఆమెకి లేదు. ఇద్దరూ మెయిళ్లతోనే కాలక్షేపం చేశారు.

ఇంతలో ఆమెకి వేరే ఊరి బ్రాంచికి బదిలీ అన్నారు. ఆ ఊళ్లోనే ఉండే అక్క ఓ సంబంధం కూడా చూసిపెట్టింది. వెళ్లేదీ లేనిదీ సాయంత్రంలోగా తేల్చమన్నాడు మేనేజరు. ఆఫీసు మెయిల్ నలుగురి కంటా పడుతుందని, ఆమె తన సొంత అడ్రసు నుంచి అతనికి రాసింది. "దయచేసి వెంటనే చదవండి. సాయంత్రంలోగా జవాబు కావాలి. ఎవరికీ చెప్పకండి" అని మొదలుపెట్టింది.

ప్రేమించినవాళ్ల రాతా మోసగాడి రాతా ఒక్కలాగే ఉంటాయి. తొందర, గుట్టు, బతిమాలడం. ఆఫీసంతటికీ పాఠం చెప్పిన మనిషికి తన రాత తనకి కనబడలేదు.

అతను అడ్రసు చూశాడు. ఎప్పుడూ చూడనిది. ఇంకో పరీక్ష అనుకుని, తనలో తనే నవ్వుకుంటూ ఎర్ర బటన్ నొక్కాడు. "మీ అప్రమత్తతకు ధన్యవాదాలు" అంది కంప్యూటర్.

బయట వాన అందుకుంది. ఆగితే మజా పోతుందన్నట్టు తడుస్తూనే పరిగెత్తి, బయటి మెట్లెక్కాడు. ఆమె సెక్షన్‌లో నలుగురు ఒకే స్క్రీన్ ముందు నిలబడి ఉన్నారు. అతన్ని చూడగానే చూపులు తిప్పుకున్నారు. ఆమె ఓ పక్కన కూర్చుని బ్యాగు సర్దుకుంటోంది.

"ఈసారీ పట్టేశానండీ" అన్నాడు అతను, జుట్టు దులుపుకుంటూ.

ఎవరో దగ్గారు. ఆమె తలెత్తకుండానే, "బాగా నేర్చుకున్నారు" అంది. అతన్ని దాటుకుని మేనేజరు గదిలోకి వెళ్లి బదిలీకి సరేనంది.

అసలు సంగతి ఆమె ఊరు దాటాక తెలిసింది. ఆమె పక్క సీటావిడ క్యాంటీన్‌లో గడ్డి పెట్టి మరీ చెప్పింది. మెయిల్ కోసం వెతికితే అతని దగ్గర లేదు, ఎర్ర బటన్ నొక్కినప్పుడే సెక్షన్‌కి పోయింది. సెక్షన్‌లో ఉన్నదాన్ని ఆమే చెరిపేసి వెళ్లిందట.

ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"అది మీరు రాసిందని తెలీదండీ."

"తెలుసు. అసలు చదివారా?"

"లేదు. అడ్రసు దగ్గరే ఆగిపోయాను. ఏం రాశారో ఇప్పుడైనా చెప్పండి."

"వెళ్లొద్దంటే ఉండిపోతానని."

వెళ్లొద్దు అన్నాడతను. ఇన్నాళ్లూ నోట్లో నానిన మాట, వెళ్లిపోయిన మనిషితో అన్నాడు.

"అక్కకి నిన్ననే సరేనన్నాను. పెళ్లికొడుకు ఇంటివాళ్లు వచ్చి ఉన్నారు" అంది. మళ్లీ తనే, "ఒక్కసారి నోటితో అడిగుంటే నాకు రాసే పనే ఉండేది కాదు. నేను మాత్రం అడిగానా ఏంటి" అంది.

అతను ఏదో అనబోయాడు. అవతల ఎవరిదో చిన్నపిల్ల గొంతు, కొత్త చనువుతో "వదినా" అని పిలిచింది.

"వస్తున్నా" అంది ఆమె.

ఆ మాట తనతో అన్నది కాదని తెలుసుకోవడానికి అతనికి కాసేపు పట్టింది.