మొదటి ముద్ద హాగ్యుకి

“మళ్ళీ రెండు చేతులూ చాపావు” అన్నాడు చీఫ్ బాంగ్.

ఏజెంట్ ప్యో తేమున్ ఎడమ చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. సియోల్‌లోని ఒక ఆవిరి స్నానశాలలో, తలకి తువ్వాళ్ళు చుట్టుకుని, వేడి రాళ్ళ మీద ఇద్దరూ గంట నుంచీ కూర్చుని ఉన్నారు. దేశ రహస్యాలు మాట్లాడుకోవడానికి చీఫ్‌కి ఇంతకంటే మంచి చోటు దొరకలేదు. మైక్రోఫోన్ దాచుకుందామన్నా అక్కడ ఎవడికీ జేబులుండవు.

“నువ్విప్పుడు మన దేశం వాడివి కాదయ్యా. బ్రెజిల్లో పుట్టి పెరిగావు. మీ తాత ఎప్పుడో ఓడెక్కి పోయాడు. మర్యాదా మన్ననా నీకు తెలీవు. పెద్దవాళ్ళు గ్లాసిస్తే ఒంటి చేత్తో లాక్కో. వాళ్ళ మొహంలోకి చూస్తూ గటగటా తాగెయ్. ఏదీ, మళ్ళీ.”

చీఫ్ పోసిన చల్లటి బియ్యపు పానకాన్ని తేమున్ ఒంటి చేత్తో అందుకున్నాడు. నలభై నాలుగేళ్ళ అలవాటు మెడ పట్టుకుని మొహాన్ని పక్కకి తిప్పబోయింది. బలవంతాన చీఫ్ కళ్ళలోకి చూస్తూ తాగాడు. పొలమారింది.

“పర్లేదు, బాగా బలిసినవాడిలా ఉన్నావు” అని మెచ్చుకున్నాడు చీఫ్, ఉడికించిన గుడ్డుని నుదుటికేసి కొట్టుకుని పెంకు వలుస్తూ. తర్వాత అసలు పని చెప్పాడు.

జలాంతర్గాముల సోనార్ మ్యాప్ ఒకటి నౌకాదళం ఆఫీసులోంచి మాయమైంది. ఇప్పుడది నువ్వుగింజంత చిప్‌లో ఉంది. దాన్ని దేశం దాటించబోతున్న విదేశీ ముఠా తన మనుషుల చేత ఏదీ మోయించదు. ఒక టూరిస్టు కంపెనీ పెట్టింది. లక్కీ డ్రా పేరుతో ఒంటరి ముసలివాళ్ళని ఏరి, బస్సెక్కించి ఐదు రోజులు దేశమంతా ఉచితంగా తిప్పుతుంది. వాళ్ళలో ఒకరికి, చివరి రోజు బూసాన్ నుంచి బయల్దేరే ఓడకి టికెట్టు బహుమతిగా ఇస్తుంది. చిప్ వాళ్ళ సామాన్లలో ఉంటుంది. ఓడలో ముఠా మనిషి దాన్ని తీసుకుంటాడు.

“తీసుకున్నాక?” అన్నాడు తేమున్.

“తీసుకున్నాక ఆ ముసలివాళ్ళు కాలు జారి సముద్రంలో పడతారు. ఇప్పటికి ఇద్దరు పడ్డారు. మా వాళ్ళేరీ అని అడిగేవాళ్ళు లేరు కదా.”

బస్సులో గైడ్ పేరు యెన్హ్వా. ముఠా మనిషి. మనకి కూడా పని చేస్తోంది. ఆ “కూడా” దగ్గర చీఫ్ గుడ్డు కసిగా కొరికాడు. ఆమె సగం నిజాలే చెబుతోంది కాబట్టి, ఆమెకి తెలియకుండా తేమున్ ఆ బస్సెక్కాలి. చిప్ మోసే మనిషికి కోడ్‌వర్డ్ ‘ముల్లంగి’. ముల్లంగి ఎవరో కనిపెట్టాలి, ఏమీ ఎరగనట్టు ఓడెక్కనివ్వాలి. ఓడలో మన వాళ్ళు ఆరుగురు ఖలాసీల వేషంలో ఉంటారు. అందుకోవడానికి వచ్చినవాణ్ణి వాళ్ళు పట్టుకుంటారు.

“మరి ముల్లంగి మాటేమిటి సార్?”

“ఆ ఉప్పు ఇలా అందుకో” అన్నాడు చీఫ్.

సోమవారం ఉదయం పాత రాజప్రాసాదం ముందు నుంచి బస్సు బయల్దేరింది. తేమున్‌కి పువ్వుల చొక్కా, అతికించిన మీసం, చేతిలో కొండెక్కే కర్ర. కర్ర పిడిలో రేడియో ఉంది. ఎర్ర జెండా పట్టుకుని ముందు నిలబడ్డ యెన్హ్వా మహా అందగత్తె. ఆమె నవ్వితే డెబ్భై ఏళ్ళ ముసలాయన కూడా టోపీ సరిచేసుకున్నాడు. తేమున్ మాత్రం ఇంకోటి చూశాడు. ఎవరు ఫొటో అన్నా కెమెరా తనే లాక్కుని తీస్తోంది గానీ, ఒక్క ఫొటోలోనూ తను నిలబడడం లేదు.

పక్క సీట్లోకి ఒక పెద్దావిడ మూటతో సహా వచ్చి కూలబడింది.

“ఏమయ్యా మీసాలూ, ఆ కిటికీ నాకిస్తావా? మా వాడికి చూపించాలి.”

చేతిసంచిలోంచి చిన్న ఫొటో తీసి కిటికీ అద్దానికి ఆనించింది. ఫొటోలో కుర్రాడు ఒక కన్ను మూసి నవ్వుతున్నాడు. తేమున్ గుర్తుపట్టాడు. అది హాగ్యు.

హాగ్యు అతని జోడీ ఏజెంటు. మూడేళ్ళ క్రితం బూసాన్ రేవు దగ్గర ఒక చల్ల నూడుల్స్ కొట్లో ఇద్దరూ కూర్చున్నారు. రేవులో ఒకణ్ణి కలవాలి. వెళ్ళాల్సినవాడు తేమున్. ఎందుకో ఆ రోజు భయం పట్టుకుంది. “నువ్వెళ్ళరా, ఈ గిన్నె ఖాళీ చేసి వెనకే వస్తా” అన్నాడు. హాగ్యు కన్నుగీటి వెళ్ళాడు. గిన్నె ఖాళీ అయ్యింది. తేమున్ వెనక వెళ్ళేసరికి నీళ్ళ మీద టోపీ ఒక్కటే తేలుతోంది. తల్లికి పడవ ప్రమాదమని ఉత్తరం పంపారు. తేమున్ అంత్యక్రియలకి వెళ్ళలేదు. వెళ్ళి ఏ మొహంతో ఆమె ముందు వంగుతాడు?

ఆ తల్లి తక్ బున్యే. ఇప్పుడు అతని పక్కనే కూర్చుని గుడ్డు వలుస్తోంది.

“మా వాడు నన్నీ ఊళ్ళన్నీ తిప్పుతానన్నాడు. తిప్పకుండానే పోయాడు. లక్కీ డ్రా తగిలిందిలే అని నేనే వాణ్ణి తిప్పుతున్నా. ఇంద, తిను.”

“నాకు... గుడ్డు... పడదు” అన్నాడు తేమున్ బ్రెజిల్ యాసలో. ఆమె ఒంటరిదయింది కనకే ముఠా లిస్టులోకి ఎక్కింది. ఒంటరిది ఎవరి వల్ల అయిందో అతనికి తెలుసు. ఆ పూట అతను కిటికీ వైపు ఒక్కసారి కూడా చూడలేకపోయాడు.

రెండో రోజు సొరాక్ కొండ. కేబుల్ కారులో పైకి వెళ్ళి, రాళ్ళ మెట్లెక్కి, పాక హోటల్లో బంగాళాదుంప అట్లు చెప్పారు. బున్యే తన అట్టులోంచి మొదటి ముక్క తుంచి లోయలోకి విసిరింది.

“ముందు నువ్వు తినరా హాగ్యూ.”

“మీ వాడు సముద్రంలో పోయాడన్నావు, కొండ మీద విసురుతావేంటక్కా?” అంది వెనక బల్ల మీది ముసలమ్మ.

“వాడి కాళ్ళు నిలుస్తాయా ఎక్కడైనా? నా వెనకే తిరుగుతుంటాడు.”

తర్వాత ఆమె గిన్నెలో కల్లు వంచి తేమున్ వైపు చాపింది. “ఏంటయ్యా బ్రెజిలూ, ఇదైనా పడుతుందా నీకు?”

ఎదురుగా హాగ్యు తల్లి. చీఫ్ నేర్పిన పాఠమంతా ఎగిరిపోయింది. రెండు చేతులూ వాటంతటవే లేచి గిన్నె అందుకున్నాయి. మెడ దానంతటదే పక్కకి తిరిగింది. బ్రెజిల్ మీసాలవాడు పెద్దింటి కుర్రాడిలా మొహం చాటు చేసుకుని, వినయంగా తాగాడు. తాగి తలెత్తితే, గుమ్మంలో యెన్హ్వా జెండా ఊపడం మానేసి అతన్నే చూస్తోంది.

మూడో రోజు గ్యోంగ్జు. పచ్చిక కప్పిన రాజుల సమాధి దిబ్బల మధ్య యెన్హ్వా ఓడ టికెట్టు డ్రా తీసింది. చీటీలో తక్ బున్యే పేరొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. యెన్హ్వా ఆ ఊరి ఎర్రబీన్స్ రొట్టెల డబ్బా ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

“అవతలి రేవులో మా అత్త ఉంటుందమ్మా. ఇది ఆవిడకిస్తావా? నువ్వు మాత్రం విప్పకేం.”

“ఎంతమాట తల్లీ” అంది బున్యే.

తేమున్ ఒక దిబ్బ చాటుకి వెళ్ళాడు. యెన్హ్వా వెనకే వచ్చింది.

“బ్రెజిల్లో మర్యాదలు బాగా నేర్పుతారే” అంది నల్ల కళ్ళద్దాలు తీస్తూ. “నేను అనుకున్నది వేరే మనిషిని. రిటైరైన టైలరొకాయన ఉన్నాడు చూడు, ఆయన్ని. నిన్న కొండ మీద నిన్ను చూశాక మనసు మార్చుకున్నా. ఆవిడ కళ్ళలోకి చూడలేకపోతున్నావు. ఏం చేశావో నాకనవసరం. ఆవిడ చేతిలో ఉన్న డబ్బాని నువ్వు లాక్కోలేవు, అది చాలు నాకు. మీ బాంగ్‌కి నమస్కారాలు చెప్పు.”

కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయింది. మొదటిసారి తేమున్ బున్యే కొడుకుని పంపాడు. ఇప్పుడు ఒక గిన్నె కల్లు తాగి తల్లిని కూడా ఎంచిపెట్టాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

కర్ర పిడి నోటి దగ్గర పెట్టుకున్నాడు. దారిన పోయే స్కూలు మాస్టారు, కర్రతో మాట్లాడే మనిషిని చూసి పిల్లల్ని చుట్టు దారిలో తీసుకుపోయాడు.

“ముల్లంగి ఎవరో తెలిసింది సార్. హాగ్యు వాళ్ళమ్మ. నేనెవరో ఆ గైడ్‌కి కూడా తెలిసిపోయింది.”

“ముల్లంగి ఓడెక్కాలి తేమున్. నువ్వు అడ్డు పడితే ముఠా వాడు జారిపోతాడు. కొడుకు చేసిన పనే తల్లి చేస్తుందనుకో.”

“కొడుకు తెలిసే వెళ్ళాడు సార్.”

“ఇది ఆర్డరు” అన్నాడు చీఫ్. రేడియో ఆగిపోయింది.

నాలుగో రోజు బూసాన్ చేపల మార్కెట్టు. బున్యే ఎండుచేపల దగ్గర అరగంట బేరమాడింది. ఆ వీధి చివర అదే నూడుల్స్ కొట్టు ఉంది. అక్కడ తిందామని అందరూ లోపలికి దూరితే, తేమున్ కడుపునొప్పని చెప్పి గుమ్మం బయటే నిలబడ్డాడు.

ఐదో రోజు ఉదయం ఎనిమిదిన్నర. తొమ్మిదికి ఓడ. వీడ్కోలు చెప్పడానికి బస్సు బస్సంతా రేవుకి వచ్చింది. బున్యే రేవు అంచున రెయిలింగ్ పట్టుకుని ఏదో నీళ్ళలోకి విసురుతూ పెదాలు కదిపింది. రోజూ చేసేదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత డబ్బా చంకలో పెట్టుకుని ఓడ మెట్ల వైపు నడిచింది. పైన ఖలాసీల వేషంలో ఉన్న ఆరుగురూ వేరే వైపు చూస్తున్నట్టు నటిస్తున్నారు. యెన్హ్వా మెట్ల పక్కన నిలబడి నవ్వుతోంది.

ఓడ మొదటి కూత వేసింది. తేమున్ కాళ్ళు కదల్లేదు. మూడేళ్ళ క్రితం కూడా ఇలాగే కదల్లేదు. బున్యే మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి అతనికి చెయ్యూపింది.

అతను మీసం పీకి పారేశాడు. పరుగెత్తి వెళ్ళి మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు.

“అమ్మా, ఎక్కొద్దు.” బ్రెజిల్ యాస లేదు. “నా పేరు తేమున్. మీ హాగ్యుతో పనిచేశాను. ఆ రోజు రేవుకి వెళ్ళాల్సింది నేను. భయమేసి వాణ్ణి పంపాను. నేను ఆ కొట్లో కూర్చుని నూడుల్స్ తిన్నాను.”

ఆమె చేతిసంచిలోంచి తొంగి చూస్తున్న ఫొటో ముందు, తడి సిమెంటు మీద నుదురు ఆనించి సాష్టాంగపడ్డాడు. లేచి మళ్ళీ పడ్డాడు. పోయినవాడికి రెండు. తర్వాత తల్లికి ఒకటి. మూడేళ్ళ క్రితం చావింట్లో పెట్టాల్సిన నమస్కారాలు. చావు నమస్కారం దాటి ఎవరు నడుస్తారు? వెనక లైన్లో ఉన్నవాళ్ళంతా టోపీలు తీసి నిలబడిపోయారు.

“తప్పుకో” అని పళ్ళు బిగించి అంది యెన్హ్వా. “అమ్మా, వీడికి పిచ్చి. మీరెక్కండి.”

బున్యే ఎక్కలేదు. నేల మీద ఉన్న తలనే చూస్తోంది. ఓడ రెండో కూత వేసింది. మెట్లు పైకి లేచాయి. ఆరుగురు ఖలాసీలూ రెయిలింగ్ మీంచి వంగి తెల్లమొహాలు వేసుకుని చూస్తుండగా ఓడ రేవు వదిలింది.

“బాగున్నాయా?” అంది బున్యే.

“ఏంటమ్మా?”

“నూడుల్స్.”

“రుచి తెలీలేదమ్మా. ఆ తర్వాత మళ్ళీ తినలేదు.”

“వాణ్ణి పంపించి తిన్నావు కదా, కనీసం రుచైనా తెలియాల్సింది.” అంది బున్యే. “కొండ మీదే అనుకున్నా. గుడ్డిస్తే పడదన్నావు, కల్లిస్తే మొహం తిప్పుకున్నావు. నా బిడ్డని ఎరిగినవాడే అయ్యుంటాడు అనుకున్నా. వీడెప్పుడు నోరు విప్పుతాడా అని చూస్తున్నా.”

ఈ సందులో యెన్హ్వా డబ్బా లాక్కుని పరుగు తీయబోయింది. బస్సు ముసలమ్మలు నలుగురు ఎదురొచ్చారు.

“ఎక్కడికి పిల్లా? ఐదు రోజులూ మా అందరికీ తీశావు, నీది ఒక్క ఫొటో లేదు. రా, నిలబడు.”

చెరో రెక్కా పట్టుకున్నారు. బజారు మూటలు మోసిన చేతులు అవి. శిక్షణ పొందిన గూఢచారిణి గింజుకుంది గానీ ఊడలేదు. “అందరూ నవ్వండి” అని టైలరు కెమెరా నొక్కేసరికి, తేమున్ వెనక నుంచి వచ్చి ఆమె చేతులకి బేడీలు వేశాడు. ఫొటోలో అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి.

తేమున్ డబ్బా విప్పాడు. ఇరవై గుంటల్లో పందొమ్మిది రొట్టెలున్నాయి. మధ్య గుంటలో ఒక కమలాపండు ఉంది.

“వాల్‌నట్ పలుకు అద్దిన రొట్టె ఏదీ?” అంది యెన్హ్వా పాలిపోయి.

“అదొక్కటే అందంగా ఉందమ్మా, మా వాడికి వాల్‌నట్ ఇష్టం” అంది బున్యే కాస్త సిగ్గుపడుతూ. “విప్పొద్దన్నావు గానీ, మొదటిది వాడికి పెట్టకుండా ఏ తిండీ నా చెయ్యి దాటదు. ఇందాక నీళ్ళలో వేశా. ఒకరింటికి వెళ్ళే డబ్బాలో గుంట ఖాళీగా పంపుతామా? అందుకే పండు పెట్టా.”

యెన్హ్వా సముద్రం వైపు చూసింది. అక్కడ కొంగ ఒకటి తప్ప ఏమీ లేదు.

కొండెక్కే కర్ర గరగరలాడింది. చీఫ్ బాంగ్.

“ముల్లంగి ఓడెక్కలేదట?”

“ఎక్కలేదు సార్.”

“నిన్ను సస్పెండ్ చేస్తున్నా.”

“అలాగే సార్.”

బున్యే రేవు గట్టు మీద కూర్చుని ఒక గుడ్డు వలిచింది. చిన్న ముక్క తుంచి నీళ్ళలో వేసింది. మిగిలింది తేమున్ వైపు చాపింది. నవ్వలేదు, మొహం ఇటు తిప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. అతను రెండు చేతులతో అందుకున్నాడు.

“ముందు అది చెప్పు” అని అరిచింది కర్ర. “చిప్ ఎక్కడుంది?”

“హాగ్యు దగ్గర భద్రంగా ఉంది సార్” అన్నాడు తేమున్, నోట్లో గుడ్డుతో.