కొవ్వొత్తుల గుడిలో ఏజెంట్ ముక్కు

మూడో శవం పక్కన కూడా కొవ్వొత్తే దొరికింది.

"వాసన చూడు," అన్నాడు చీఫ్, సగం కాలిన ఆ ముక్కని ప్లాస్టిక్ కవరుతో సహా బల్లమీదుగా తోస్తూ.

ఏజెంట్ ముక్కు కవరు నోరు రవ్వంత తెరిచి, చటుక్కున మూసేశాడు. "తడిసిన అగ్గిపెట్టె. దాంతోపాటు పాత రాగి బిళ్ళని చప్పరించినట్టు. ఛీ!"

"ఇది విషమని తేల్చడానికి ల్యాబ్ వాళ్ళకి వారం పట్టిందోయ్."

"ల్యాబ్ వాళ్ళకి ముక్కులున్నది కళ్ళజోడు ఆనించుకోడానికి సార్."

అతని అసలు పేరు డిపార్ట్‌మెంటులో ఎవరికీ గుర్తులేదు. ఫోన్ ఎత్తితే అవతలివాడు పొద్దున ఏం తిన్నాడో చెప్పేస్తాడని మాత్రం అందరికీ తెలుసు. ఒకసారి రేవులో మూసి ఉన్న కంటెయినర్ బయట నిలబడి, లోపల దాక్కున్న గూఢచారి స్నానం చేసి ఎన్నాళ్ళయిందో బిగ్గరగా చెప్పేసరికి, లోపలివాడు సిగ్గుపడి తనే తలుపు తట్టాడట. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటి ముక్కున్నవాడు సుఖపడతాడనుకుంటే పొరపాటు. అతనికి లోకమంతా కంపే. బస్సులో చంకలు, లిఫ్టులో నోళ్ళు, ఫైళ్ళలో బొద్దింకలు. సంబంధం మాట్లాడటానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అమ్మాయికంటే ముందు సోఫా కింద చచ్చిన బల్లిని కనిపెట్టేవాడు. అందుకే ఇంకా బ్రహ్మచారి. అన్నిటికన్నా ఘోరం ఈ బేస్‌మెంట్ గది. కిటికీల్లేవు. పైగా మీటింగ్ మొదలవగానే బల్లకింద బూట్లు విప్పేసి కాళ్ళు చాపుకోవడం చీఫ్‌కి అలవాటు. ఆయన నైలాన్ సాక్సులకి ఏ రాజ్యమైనా నిషేధం విధించవచ్చు.

"మిషన్ చెప్పండి సార్," అన్నాడు ముక్కు, ఊపిరి బిగబట్టి.

"ఈ కొవ్వొత్తులతో చంపే ముఠా నాయకుడు మన లాకప్‌లో ఉన్నాడు. రేపు పొద్దున విచారణ. వాడి మొహం చూసి బతికున్న మనిషి ఒక్కరే."

"టీచరమ్మ."

"ఆవిడే. ఆవిడ రేపు నోరు విప్పి వీడే అంటే కేసు నిలుస్తుంది. ఆవిడ లేకపోతే వాడు మనకి టాటా చెప్పి విమానం ఎక్కుతాడు."

టీచరమ్మ అంటే డిపార్ట్‌మెంటు స్కూల్లో తరతరాల ఏజెంట్లకి కోడ్ భాష నేర్పిన మనిషి. తప్పు చేస్తే స్కేలుతో కొట్టి, ఏడిస్తే తన కాఫీలో సగం పోసి ఇచ్చేది. ముక్కు రెండూ పుచ్చుకున్నాడు. అతని జీవితంలో కంపు కొట్టని మనిషి ఆవిడొక్కతే.

"అయితే ఆవిణ్ణి ఇంట్లోనే ఉంచండి సార్."

"ఉంటేగా! ఈ సాయంత్రం ఆ పాత బౌద్ధాలయంలో కొవ్వొత్తుల ఉత్సవం. మొగుడు పోయినప్పట్నుంచీ ఏటా వెళ్ళి ఆయన పేర ఒకటి వెలిగిస్తుంది. వద్దంటే, 'నీకు కూడికలు నేర్పింది నేనురా, నాకు నువ్వు నేర్పకు' అంది. మనమే పరీక్షించిన కొవ్వొత్తిని ఇంటికి పంపించాం. గేటు దగ్గర నువ్వు మళ్ళీ వాసన చూడాలి. నేను చెప్పుల స్టాండులో ఉంటాను, మారువేషంలో. లోపల పన్నీరు నీకు తోడు."

"ఆ డబుల్ ఏజెంటా? ఆవిడ ఎటువైపు సార్?"

"గాలి ఎటు వీస్తే అటు. ఇదిగో, ల్యాబ్ వాళ్ళు కొత్త వాచీ ఇచ్చారు. విషం వాసన తగిలితే బీప్ అంటుంది."

* * *

ఆలయం చాలా పాతది. రాతి స్తంభాలు, ఇటుక గోడలు, లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు ద్వారం. సూర్యుడు దిగకముందే జనం బారులు తీరారు. లోపల అరుగులన్నిటిమీదా వందల కొవ్వొత్తులు. చూసేవాళ్ళకి కన్నుల పండుగ. ముక్కుకి మాత్రం నరకం. కరిగిన మైనంలో చచ్చిన పురుగులు. ఎవరి జుట్టో కాలిన వాసన. కప్పుకింద గబ్బిలాలు నూరేళ్ళుగా చేసిపెట్టిన నిర్వాకం. వీటన్నిటిమీదా వేల బోసికాళ్ళ చెమట.

నడుమ కూర్చున్న బుద్ధుడి విగ్రహానికి ముక్కు ఎప్పుడో అరిగిపోయింది. ఆ ముఖంలో ఎంత ప్రశాంతత! ఏజెంట్‌కి అసూయ కలిగింది.

"మైనం మెత్తగా ఉందా?" చెవి పక్కన ఒక గొంతు.

"గాలి లేకపోతే ఉంటుంది," అని కోడ్ అప్పజెప్పి తిరిగి చూశాడు.

పన్నీరు. తెల్లచీర, మెడలో కెమెరా, ఫొటోగ్రాఫర్ వేషం. ఆవిడ రాకముందే ఆవిడ అత్తరు వచ్చింది. గులాబీల తోట మొత్తాన్ని పిండి నెత్తిన పోసుకున్నట్టుంది.

"ఏంటండీ ముక్కుగారూ, ఆముదం తాగినట్టు ఆ మొహమేంటి?"

"కంపు. కడుపులో తిప్పుతోంది."

"అయ్యో పాపం. ఇదిగో, ఇది పెట్టుకోండి." తన చేతిరుమాలు అందించింది. అత్తరులో ముంచి తీసినట్టుంది.

వద్దనాలి. అనలేకపోయాడు. ముక్కుకి అదిమిపెట్టుకుని గట్టిగా పీల్చాడు. గబ్బిలాలు మాయం. కాళ్ళు మాయం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లోకం శుభ్రంగా తోచింది.

అప్పుడే టీచరమ్మ వచ్చింది, అల్లుడి చెయ్యి పట్టుకుని. అల్లుడు నలగని చొక్కా వేసుకున్నాడు, చేతులు అద్దంలా కడుక్కున్నాడు.

"అత్తయ్యా, మెట్టు చూసుకోండి. మెల్లిగా. కొవ్వొత్తి నా దగ్గరుంది, మీకెందుకు బరువు?"

"కొవ్వొత్తి బరువేంట్రా అబ్బాయీ, నన్ను మరీ ముసలిదాన్ని చేసేస్తున్నావు," అంది ఆవిడ నవ్వుతూ. ముక్కుని చూసి కన్ను గీటింది. "ఏం నాయనా, బాగున్నావా? ముక్కుకి రుమాలేంటి, పెళ్ళికూతురిలా?"

ముక్కు కొవ్వొత్తిని అందుకుని వాసన చూశాడు. గులాబీలు. వాచీ నోరెత్తలేదు.

"క్లీన్," అన్నాడు.

టీచరమ్మకి మంచి అల్లుడు దొరికాడు అనుకుంటూ ద్వారం దగ్గర కాపలా నిలబడ్డాడు. అల్లుడు కొవ్వొత్తిని అవతలి చివర అరుగుమీద నిలిపి, తనే వెలిగించి, అత్తగారిని దాని ముందు కూర్చోబెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఇక లేవదు. మొగుడితో ఏడాది కబుర్లూ చెప్పుకోవాలిగా!

హాయిగా ఉంది. ఒక గబ్బిలం నెత్తిమీదుగా ఎగిరినా అతనికి ఏమీ అనిపించలేదు.

ఏమీ అనిపించలేదు?

రుమాలు తీసేశాడు. గులాబీలు. చెయ్యి వాసన చూశాడు. గులాబీలు. అంటే, ఇందాక కొవ్వొత్తి వాసన చూసింది అతను కాదు, పన్నీరు అత్తరు!

తిరిగి చూస్తే పన్నీరు పక్కన లేదు.

విషం అని అరిస్తే చాలు, ఈ జనమంతా మంటల మధ్యనుంచి ఆ ఒక్క ఇరుకు ద్వారం మీద పడతారు. ముసలివాళ్ళు, పిల్లలు కాళ్ళకింద నలిగిపోతారు. పోనీ వెళ్ళి కొవ్వొత్తి ఆర్పేద్దామంటే, ఇప్పుడా అరుగుమీద అలాంటివే నలభై వెలుగుతున్నాయి. ఏది ఆవిడది? కనిపెట్టడానికి ముక్కు కావాలి. ముక్కు గులాబీల్లో కూరుకుపోయి ఉంది.

ఇంత సువాసనని తోమి పారెయ్యగల కంపు ఎక్కడుంది?

తల తిప్పి చెప్పుల స్టాండు వైపు చూశాడు. అక్కడ చీఫ్, చింపిరి తలపాగాతో, బోసికాళ్ళతో, టోకెన్లు పంచుతున్నాడు. ఆయన వెనక అరలో ఆయన బూట్లు. బూట్లలో సాక్సులు.

"అయ్య బాబోయ్," అన్నాడు ముక్కు.

రెండంగల్లో అక్కడికి చేరాడు.

"ఏమోయ్, పోస్టు వదిలేసి..."

"మీ సాక్సు ఇవ్వండి సార్."

"ఏం చేసుకుంటావు?"

"తింటాను! తప్పుకోండి!"

అడ్డొచ్చిన చీఫ్‌ని తోసి, సాక్సు లాగి, మొహానికి అదుముకుని, ఊపిరితిత్తుల అట్టడుగుదాకా పీల్చాడు. వాచీ కుయ్‌మని ఒక్క మూలుగు మూలిగి చచ్చింది. ముక్కుకి కళ్ళవెంట నీళ్ళు కారాయి, మధ్యాహ్నం తిన్నది గొంతుదాకా వచ్చి బయటికి తొంగి చూసి వెళ్ళింది. గులాబీలు ఒక్కొక్కటే వాడి రాలిపోయాయి. గబ్బిలాలు తిరిగొచ్చాయి. పురుగులు, జుట్టు, చెమట, అన్నీ వరసగా వచ్చి హాజరు వేయించుకున్నాయి.

అన్నిటి వెనకా, చాలా దగ్గర్లో, తడిసిన అగ్గిపెట్టె. రాగి బిళ్ళ.

పక్క అరలో మెరిసిపోతున్న కొత్త బూట్లు. వాసన లేసుల్లోంచి వస్తోంది. విషం పోసిన చేతుల్ని సబ్బుతో ఎంత తోమినా, కడుక్కోకముందు ఆ చేతులతోనే కట్టిన లేసుల్ని ఎవడు తోముతాడు?

"ఇవి ఎవరివి సార్?"

"టీచరమ్మ అల్లుడివి. ఆవిడ చెప్పులూ ఇవీ కలిపి ఒకే టోకెన్."

ముక్కు సాక్సుని చేతిలోంచి వదలకుండానే లోపలికి తిరిగాడు.

పరుగెత్తాడు. నేలంతా మైనం. రెండో అడుగుకే కాలు జారింది. జారినవాడు జారినట్టే స్తంభాల మధ్యనుంచి పడవలా సాగిపోయాడు. అవతలి చివర అల్లుడు అత్తగారి పక్కన లేడు. పది గజాలు వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని, జేబురుమాలు చేతిలో సిద్ధంగా పట్టుకుని ఉన్నాడు. నలభై మంటలు. ముక్కు గాలిని జల్లెడ పట్టాడు. ఎడమనుంచి మూడోది! మైనం కరిగి, లోపలి నల్లటి పొర అంచు అప్పుడే బయటపడుతోంది.

నోటితో ఊదితే ఆ పొగ ఆవిడ మొహాన కొడుతుంది. చేతిలో ఉన్నది ఒక్కటే. ఏనాడూ పూర్తిగా ఆరని ఆ సాక్సుని మంటమీద తొడిగి, గట్టిగా పిసికి పట్టుకున్నాడు.

చుయ్‌మంది. ఆరిపోయింది.

చుట్టూ జనం హాహాకారాలు చేశారు. టీచరమ్మ కళ్ళు తెరిచింది. కొవ్వొత్తి చూసింది, సాక్సు చూసింది, తన ముక్కు మూసుకుంది.

"ఒరేయ్ నాయనా. దీపం మీద సాక్సు తొడిగే విద్య నేను నీకు చెప్పలేదే?"

"మీ అల్లుడు చెప్పించాడమ్మా."

ఆవిడ తల తిప్పింది. గోడ దగ్గర ఎవరూ లేరు. మళ్ళీ కొవ్వొత్తి వంక చూసింది. సాక్సు పక్కకి జరిగినచోట నల్లటి పొర కనిపించింది. కోడ్లు విప్పి బతికిన మనిషికి ఇంకేం చెప్పనక్కర్లేదు.

అల్లుడు అప్పటికే ద్వారం దాటాడు. బయట కంకరరోడ్డు. అలాగే పారిపోతే పోయేవాడేమో. కానీ కొత్త బూట్లమీద మమకారం పోలేదు. స్టాండు దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"త్వరగా ఇవ్వవయ్యా!"

"టోకెన్?" అన్నాడు చింపిరి తలపాగా మనిషి.

అల్లుడు జేబులు తడుముకుని టోకెన్ తీశాడు. చీఫ్ దాన్ని అందుకుని, మర్యాదగా, బూట్లకి బదులు బేడీలు తొడిగాడు.

"ఆవిడ నిన్ను కొడుకులా చూసుకుంది కదరా," అన్నాడు ముక్కు వచ్చి. "నీకేం తక్కువైంది?"

"విదేశంలో ఉద్యోగం ఇస్తామన్నారండీ. పైగా..." అల్లుడు గొంతు తగ్గించాడు, మగవాళ్ళం మనకి తెలియదా అన్నట్టు. "ఆవిడ గది గాలి బాగా తగిలే గదండీ. పొద్దున్నే రేడియో పెడుతుంది. ఎంతకాలమని భరించను?"

ముక్కు అరలోంచి చీఫ్ రెండో సాక్సు లాగి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మనిషి పక్కన అదే నయం.

మెట్ల దగ్గర పన్నీరు కెమెరా సర్దుకుంటోంది. "అలా చూడకండి. ముఠావాళ్ళు రుమాలు ఇవ్వమన్నారు, ఇచ్చాను. ఎందుకని నేను అడగలేదు. పీల్చమని మిమ్మల్ని బతిమాలానా?"

అదే అతనికి అన్నిటికన్నా రోత పుట్టించింది. బతిమాలలేదు. తనే ఆశపడ్డాడు.

చీఫ్ రెండో జత బేడీలు తీశాడు. ఆవిడ నవ్వుతూనే చేతులు చాపింది.

టీచరమ్మ వెళ్ళిపోలేదు. పక్కనున్న ఎవరినో అడిగి ఒక కొవ్వొత్తి తీసుకుంది. "వాసన చూడరా," అంది ముక్కుతో. చూశాడు. "ఒట్టి మైనం టీచరమ్మా." వెలిగించింది. "మా అమ్మాయికి మీరెవరూ చెప్పకండి. రేపు సాక్ష్యం అయ్యాక నేనే చెబుతాను," అని కళ్ళు మూసుకుంది.

మర్నాడు విచారణలో ఆవిడ ముఠా నాయకుణ్ణి ఒక్క చూపులో గుర్తుపట్టింది. సాక్సుని, లోపలి కొవ్వొత్తితో సహా, సీలువేసిన సంచిలో సాక్ష్యంగా పెట్టారు. విచారణాధికారి సీలు విప్పమని ఆదేశించాడు. విప్పారు. మరుక్షణం మళ్ళీ వెయ్యమని ఆదేశించాడు. ఆ రోజంతా రెండు పక్షాల వకీళ్ళూ మనస్ఫూర్తిగా ఏకీభవించింది ఆ ఒక్క ఆదేశంతోనే.