సుంకం చావిడి దగ్గర గుసగుస దండోరా

తిరుపతి నుంచి తిరుచానూరుకు పోయే బండ్లబాటలో సుంకం చావిడి అని ఒకటి ఉండేది. ఆ పేరెత్తితే చాలు, ఆ కాలపు బండోళ్లు మాట మార్చేవాళ్లు.

ఒకప్పుడు ఆడ ప్రతి బండినీ ఆపి సుంకం పట్టేవాళ్లంట. తర్వాత సర్కారు ఆ సుంకం ఎత్తేసింది. అడ్డకొయ్యను నరికేసి మొద్దు మాత్రం వదిలిపెట్టినారు, తలుపులు ఎవరో ఊడబీక్కోని పోయినారు, రాతిగోడలు మిగిల్నాయి. గోడలతోబాటు గుమాస్తా కూడా మిగిలిపోయినాడని చెప్పుకునేవాళ్లు. పని పోయిందన్న దిగులుతో ఆ చావిడిలోనే కన్ను మూసినాడంట పాపం. సుంకం ఎత్తేసిన సంగతి చచ్చినాక మరిచిపోయినాడంట.

పొద్దు కుంకినాక ఆ పక్క పోతే లోపల్నుంచి ఒక గొంతు... "ఆ... గు..."

ఆగినోడు ఒక్కడూ లేడు. ఎద్దులు కూడా ఆడికొచ్చేసరికి చెప్పకనే పరిగెత్తేవి.

అట్లాంటి చోటికి, అదీ రాత్రిపూట, చంకలో దండోరా పలక పెట్టుకోని, మునిరామయ్య తన కాళ్లతో తానే పోయినాడు. మతి పోయి కాదు. మతి ఎక్కువై.

వాళ్ల నాయన కుప్పయ్య జట్కా తోలేవాడు. మంచి మనిషి, నవ్వు మొగం, కాకపోతే ఎదురొచ్చినోళ్లనెల్లా ఏదో ఒకటి అడిగి తీసుకునేవాడు. ఒకరి దగ్గర ఉలవలు, ఒకరి దగ్గర గొడుగు, ఇంకొకరి దగ్గర పొదుగుతుండే కోడి. తిరిగి ఇచ్చే అలవాటు లేదు. అడిగితే, "యాడికి పోతానప్పా, ఈడే ఉంటా గదా!" అనేవాడు. అన్నవాడు ఒకనాడు కునుకు తీస్తా తీస్తానే పోయినాడు.

మిగిలింది ఒక ఇల్లు, ఒక ముక్క చేను, ఒక జట్కా. ఇల్లు, చేను చిన్నోడు చిన్నబ్బకు పోయినా మునిరామయ్యకు దిగులు లేదు. ఆయన కండ్లన్నీ జట్కా మీదే. యుద్ధం రోజులు. పెట్రోలు లేదు, బస్సులేమో బొగ్గు మంట మీద దగ్గుకుంటా గుట్టకాడ నిలబడిపోతా ఉండాయి. యాత్రికులంతా రైలు దిగి జట్కా, జట్కా అని అరుస్తా ఉండారు. అట్లాంటప్పుడు బండీ గుర్రమూ చేతిలో ఉంటే ఇంటిల్లిపాదీ కడుపు నిండా తినొచ్చు. ఆయనకు నలుగురు బిడ్డలు. కంట్రోలు బియ్యంతో వాళ్ల కడుపులు నిండటం లేదు, నిజం చెప్పాలంటే.

కానీ వాళ్ల ఊరికి ఒక కట్టడి ఉండాది. చచ్చినోడి సొత్తు పంచుకోకముందు పలక కొట్టించాల. 'పోయినాయన ఎవరికైనా బాకీ ఉంటే కర్మ చేసే దివసాల లోపల వచ్చి చెప్పుకోండి' అని చాటించాల. ముందు బాకీలు, తర్వాతనే పంపకం. పలక మోగినాక కూడా రానోడు మళ్లీ నోరెత్తేదానికి లేదు. పలక మోగకుండా పంచుకుంటే మాత్రం, ఎప్పుడొచ్చి అడిగినా కొడుకులు కక్కాల్సిందే.

"పలక యాడ కొట్టాల మామా?" అని మునిరామయ్య మునసబు తిరుమలయ్యను వినయంగా అడిగినాడు.

"ఊరి ఎల్లలోపల యాడైనా కొట్టు. ఒక సాక్షి ఉండాల," అన్నాడు మునసబు, వక్కాకు నముల్తా.

యాడైనా! ఆ మాటతో మునిరామయ్య మొగం దీపం మాదిరి వెలిగింది. సుంకం చావిడి ఊరి ఎల్లలోపలే గదా! రాత్రిపూట ఆ పక్క పురుగు కూడా పోదు. ఆడ కొడితే పలక కొట్టినట్టూ ఉంటాది, ఒక్కడికీ వినపడనట్టూ ఉంటాది.

పలక కొట్టే ఓబయ్యను రమ్మంటే, "పలక కావాలంటే తీసుకోని పో అయ్యా, నేను మాత్రం రాను. నాకు పెండ్లాంబిడ్డలు ఉండారు," అన్నాడు. దాంతో పలకను కంబళిలో చుట్టుకోని మునిరామయ్యే బయల్దేరినాడు. సాక్షికి తమ్ముణ్ణి లాక్కుపోయినాడు.

"అన్నా... ఇది తప్పు గదా," అన్నాడు దారిలో చిన్నబ్బ.

"పలక కొడతావుండామా లేదా?"

"కొడతావుండాము."

"ఇంకేం తప్పురా? నోరు మూసుకోని సాక్షిగా నడువు."

చావిడి వచ్చింది. గాలి లేదు. కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి. తలుపు లేని ఆ వాకిలి నోరు తెరుచుకోని ఉండాది... లోపలంతా చీకటి. ఎక్కడ్నుంచో సన్నగా మల్లెపూల వాసన. దయ్యాలకు మల్లెలంటే ఇష్టమని చిన్నప్పుడు అవ్వ చెప్పిన మాట మునిరామయ్యకు ఆ క్షణమే గుర్తుకు రావాల్నా!

పలకను మెడకు తగిలించుకున్నాడు. ఒక్క వేలితో... టక్... టక్... అని తట్టినాడు. గొంతు తగ్గించి, పసిబిడ్డను జోకొట్టినట్టు చాటింపు మొదలుపెట్టినాడు.

"ఇందుమూలంగా... యావన్మందికీ... తెలియజేయడమేమంటే..."

"అన్నా, నాకే వినపడలా."

"ష్... జట్కా కుప్పయ్య కాలం చేసినాడు... ఆయన ఎవరికైనా బాకీ ఉంటే... వచ్చి చెప్పుకోండహో..." ఆ 'హో' కూడా గుసగుసే.

టక్.

మునిరామయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అయిపోయింది. జట్కా తనది.

అప్పుడు... లోపల్నుంచి... బొంగురుగా, నింపాదిగా...

"నాకు ఉండాడు."

చిన్నబ్బ యాడ? సాక్షి లేడు. వాడి పంచె కొస ఒకటి కంపచెట్టుకు తగులుకోని ఊగతా ఉండాది, మనిషి మాత్రం ఊరి దారి పట్టినాడు.

మునిరామయ్య కూడా పరిగెత్తినాడు. అంటే, కాళ్లు పరిగెత్తినాయి. మెడ పరిగెత్తలా! పలక తోలువారు అడ్డకొయ్య మొద్దుకు చిక్కుకోనుండాది. చీకట్లో ఆయప్పకు అది తెలియలా. గుమాస్తానే మెడ పట్టుకున్నాడు అనుకున్నాడు.

"వదులు సామీ! సుంకం కట్టేస్తా!" అని కుయ్యోమన్నాడు.

"సుంకం ఎవరికి కావాల? కుప్పయ్య గుర్రం నాది. గుర్రం నాకియ్యి."

ప్రాణం పోయేటప్పుడు కూడా బేరమాడే జాతి మునిరామయ్యది. "దయ్యానికి... గుర్రం దేనికి సామీ?"

లోపల్నుంచి "ఎక్కేదానికి," అని వినపడింది.

"గాలిలో పోతారు గదా మీరు!"

"మోకాళ్ల నొప్పులు," అన్నది గొంతు. "ఏమంటావు? గుర్రం నాదా, కాదా?"

"నీదే! నీదే సామీ! తోకతో సహా నీదే!" అన్నాడు మునిరామయ్య. అంటానే ఒక్క గుంజు గుంజినాడు. వారు తెగింది. పలక ఆడనే దొర్లింది. ఆయన ఊర్లో తన మంచం కింద తేలినాడు.

తెల్లారినాక భయం తగ్గింది, ఏడుపు మొదలయింది. "పాయె, జట్కా పాయె! దివసాలకొచ్చి గుర్రాన్ని తోలుకోని పోతాదిరా దయ్యం!"

చిన్నబ్బ తలగీరుకున్నాడు. "అన్నా, అడిగేది ఒకరే అయితే అడిగింది ఇచ్చేయాల. పదిమంది అడిగితే సొత్తును పదిమందికీ సర్దాల గదా. బాకీ ఉండే అందర్నీ పిలిస్తే దయ్యానికి గుర్రమంతా రాదు. ఒక కాలో, ఒక చెవో వస్తాది. దాంతో అది యాడికి పోతాది?"

మునిరామయ్య తమ్ముణ్ణి కావిలించుకున్నాడు.

ఆ పొద్దు మోగింది చూడండి దండోరా! ఓబయ్య తన తమ్ముడి పలక తెచ్చి ఊరు ఊరంతా కొట్టినాడు. అది చాలదని ఆయన్ను అలిపిరి దాకా తోలినాడు మునిరామయ్య. అంతటితో ఊరుకోక ఇంటింటికీ తానే తిరిగినాడు.

లాడాలు కొట్టే కాశిం సాహెబ్ ముందర చేతులు కట్టుకోని నిలబడినాడు. "సాహెబూ, మా నాయన నీకు ఏమన్నా బాకీ ఉండాడా?"

"రెండు లాడాలు ఉండాయిలే. చచ్చిపోయినోడు, పోనీలే అప్పా."

"పోనీలే అంటే ఎట్లా! నీ సొమ్ము కాదా? బాగా గుర్తు చేసుకో. నాలుగు కాళ్లకూ కొట్టింటావు!"

"అల్లాకసం, రెండే."

"నాలుగని చెప్పు సాహెబూ, నీ కాళ్లు పట్టుకుంటా!"

ఉలవలమ్మే సుబ్బులమ్మ అయితే బిత్తరపోయింది. కుప్పయ్య బతికుండగా కాళ్లు అరిగేటట్టు తిరిగి అడిగినా గింజ రాల్చలేదు. కొడుకేమో ఇంటికొచ్చి, ఇంకా ఏమన్నా ఉందేమో చూడు అక్కా, అని బతిమాలతా ఉండాడు. తండ్రి పోయిన దుఃఖంలో తిక్క పట్టిందని జాలిపడి, పాపం, ఒక ముద్ద చింతపండు చేతిలో పెట్టి పంపించింది.

దివసాల దినం మునసబు ఇంటి అరుగు కిటకిటలాడింది. పలక విని వచ్చినోళ్లు వరసగా చెప్పుకున్నారు. లాడాలు, ఉలవలు, గొడుగు, కోడి. కానీ ఊరు మంచిది. పిలిచి మరీ అడిగినాడే ఈ పిల్లోడు, ఎంత నిజాయితీ అని అందరి మనసులూ కరిగినాయి. ఒకరు సగం వదిలేసినారు, ఒకరు మొత్తం వదిలేసినారు. కోడి పోయిన ముసిలాయన కండ్లనీళ్లు పెట్టుకోని, "కుప్పయ్య సరసోడప్పా, కోడి పోతే పోయింది," అన్నాడు. చేనులో పండే వేరుశెనగ బుడ్డలతోనే అన్ని బాకీలూ తీరిపోతాయని తేలింది.

జట్కా నిలిచింది! మునిరామయ్యకు నవ్వాగలేదు. తను గుసగుసగా దాచిపెట్టాలనుకున్నది గొంతెత్తి చెబితే ఇంత సుళువా? సిగ్గు కూడా అయింది ఆయనకు. పగలు గదా, దయ్యం ఇంక రాదు.

"ఇంకెవరన్నా ఉండారా?" అన్నాడు మునసబు.

"నాకు ఉండాడు."

బొంగురు గొంతు. నింపాదిగా.

మునిరామయ్య నవ్వు నోట్లోనే నిలబడిపోయింది. జనం పక్కకు తప్పుకున్నారు. చంకలో పూలగంప, ఇంకో చేతిలో తెగిన వారుతో ఓబయ్య పలక... మోకాళ్ల నొప్పితో కుంటుకుంటా వచ్చింది గురవమ్మ. తిరుచానూరు గుడికాడ పూలమ్ముకునే ముసిలామె.

"అవ్వా! ఆడుండింది నువ్వా?"

"ఇంకెవరనుకున్నావు? గుడిసె కూలినప్పట్నుంచీ ఆడనే పడుకుంటావుండా. రాతి గోడలు చల్లగా ఉంటాయి, మల్లెమొగ్గలు తెల్లారేదాకా విచ్చుకోవు. దయ్యం పేరు ఉండబట్టే ఒక్క మొగ్గ కూడా ఎవరూ ముట్టుకోరు. నేనే అప్పుడప్పుడూ 'ఆగు' అంటావుంటా."

ఊరంతా గొల్లున నవ్వింది. మునిరామయ్యకు మాత్రం నవ్వు రాలే.

"గుర్రం కొనేదానికి నా మెడలో బంగారు గుండ్లు ఇచ్చినా మునసబూ," అన్నది ఆమె. "గుర్రం నీది, బండి నాది, బాడుగలో సగం ఇస్తానన్నాడు కుప్పయ్య. ఒక్కనాడూ ఇయ్యలా. మొన్న రాత్రి ఈ అబ్బోడు గుర్రం నాదేనని ఒప్పుకున్నాడు, తోకతో సహా."

మునిరామయ్యకు గొంతు వచ్చింది. ముసిలామె అని తెలిసినాక భయమెందుకు? "దయ్యమనుకోని ఒప్పుకున్నా! అది చెల్లదు. గుండ్లు ఇచ్చినావే, యాడ ఇచ్చినావు? ఎవరు చూసినారు?"

"చావిడిలోనే ఇచ్చినా. చీకటి పడినాక."

"సాక్షి ఉండాడా?" అన్నాడు మునసబు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, కట్టడి కట్టడే.

"ఉండాడు."

"పిలుచుకోని రా మరి."

"పగలు రాడు," అన్నది గురవమ్మ, మామూలుగా. "పని పోయినప్పట్నుంచీ ఆయప్ప పగలు తిరగడు. ఈ పొద్దు రాత్రి ఈ అరుగు మీదికే రమ్మంటాను. మీరంతా ఉంటారు గదా?"

నవ్వేవాళ్ల నోళ్లు టక్కున మూతపడినాయి.

మునసబు నమిలే వక్కాకు గుటుక్కున మింగేసినాడు. "సాక్షి... సాక్షి దేనికమ్మా? మన ఊర్లో మనకు సాక్షులేమి! గుర్రం నీదే!"

"నీదే అవ్వా!" అన్నాడు మునిరామయ్య అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా.

బండి ఆయనది, గుర్రం ఆమెది, బాడుగలో సగం సగం. ఆమెకు అంతకంటే అక్కర్లేదు. మిగిలిన సగంతోనే మునిరామయ్య బిడ్డలు కడుపు నిండా తిన్నారు. ఆయన కూడా ఆ ముసిలామెను సొంత అవ్వ మాదిరి చూసుకున్నాడు.

రోజూ కోడి కూయకముందే చావిడి ముందర జట్కా ఆపుతాడు. దిగడు. కళ్లేలు పట్టుకోని, గుర్రం చెవుల మధ్యలో నుంచి ముందరికే చూస్తా కూర్చుంటాడు. బండి వెనకాల నేలమీద ఆ కొసనొక గంప, ఈ కొసనొక గంప ఉంటాయి. బరువైన గంపలు, ఒక్కోదాన్ని రెండు చేతులతో ఎత్తాల. గురవమ్మకు ఉండేది రెండు చేతులే.

రెండూ ఒకేసారి బండెక్కుతాయి.

"పోనీ అబ్బోడా," అంటాది గురవమ్మ. వెనక్కి తిరక్కుండానే తోలుకోని పోతాడు మునిరామయ్య.